బరువు ఏడికి పాయె?

పిట్టకు పెట్టి గంట దాటింది. పిట్ట ముట్టలేదు.

మా కరీంనగర్ దిక్కు మనిషి పోయిన మూడో నాడు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి, మోదుగాకు విస్తరిలో పెట్టి, అందరం నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడతాం. కాకి వచ్చి ఒక్క మెతుకు ముట్టినా చాలు, పోయిన మనిషి నిమ్మళంగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఇక బతికున్నవాళ్లకు పరీక్ష మొదలు. ఆ కోరికేమిటో ఊహించి పట్టుకోవాలి. ముప్పై ఏళ్లు పిల్లలకు పరీక్షలు పెట్టిన తెలుగు పండితుణ్ని నేను. జవాబు తెలియని ప్రశ్నపత్రం ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఇలాంటి చోట్లే నాకు తెలిసొస్తుంది.

హుస్నాబాద్‌కు అవతల ఒక బోడగుట్ట, దాని కింద తాటివనం, ఆ వనం అంచున పోయినాయన చెలక, అంటే మెట్టచేను. అక్కడే కాల్చారు, అక్కడే విస్తరి వేశారు. యాటకూర పెట్టారు. ముట్టలేదు. ఉడికిన గుడ్డు తెచ్చారు. బీడీ ముట్టించి విస్తరి పక్కన పెట్టారు. తాటాకు రేక కట్టి అందులో కల్లు పోశారు. కాకి మాత్రం తాడిమట్ట మీద కూర్చుని, పరీక్ష హాల్లో నాలాగే, అందరినీ చూస్తూ ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉంది.

"ముస్తాదు తెచ్చి పెట్టుండ్రి. ఆయన పానమంత గండ్లనే ఉండె," అంది ఆయన భార్య.

ముస్తాదు అంటే చెట్టెక్కే సరంజామా. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకు, కాళ్లకు తగిలించుకునే గుజి, గీత కత్తులు పెట్టుకునే తోలు పొది. తెచ్చి విస్తరి పక్కన దించారు. పొదిని దులిపితే కత్తులతో పాటు నీలంరంగు వస్తువొకటి జారి గడ్డిలో పడింది.

అరచేయంత ఉంది. పెద్ద వలయం ఒకటి, చిన్న వలయం ఒకటి, రెండూ అతుక్కుని ఎనిమిది అంకెలా ఉన్నాయి. చూస్తే ఇనుములా బలంగా ఉంది, చేతిలోకి తీసుకుంటే ఇనుమంత బరువు లేదు.

"సీస మూత తీసేదేమో," అన్నాడు సిరిసిల్ల నుంచి వచ్చిన అల్లుడు.

"నీకు అన్నీ సీస మూతల్లెక్కనే కనవడతయి. గిది ఎద్దు ముక్కుకు ఏసేది," అన్నాడొక ముసలాయన.

"తాళంచెవుల రింగు గావచ్చు బాపూ."

"గింత రింగా? గది ఏం బండే, రైలుబండా?"

మూడో నాడైనా నలుగురు నవ్వారు. నవ్వి, ఆయన భార్య వైపు చూసి, తలలు దించుకున్నారు. నవ్వనివాడు ఒక్కడే. పోయినాయన తమ్ముడి కొడుకు. దుబాయి నుంచి ముందురోజు పొద్దున్నే దిగిన ముప్పై అయిదేళ్ల మనిషి. చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వస్తువునే చూస్తూ నిలబడ్డాడు. అతను ఏ ఊహా చెప్పలేదు.

నేనూ చెప్పలేదు. నాకు అదేమిటో తెలుసు. దాని ఆధారంతో ఒకసారి గాల్లో వేలాడినవాణ్ని కూడా. 

ఆయన పేరు రాయను. ఊళ్లో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. అందరికీ 'మామ'. నాకూ మామే. ఆ ఊరి ఉన్నత పాఠశాలలో నేను పదకొండేళ్లు పనిచేశాను. నా జీవితంలో ఉన్నతమైనదేదైనా ఉంటే ఆ పాఠశాల పేరులోదే. లెక్కల్లో ఎక్కాలే సరిగా ఎక్కనివాణ్ని, చెట్లేం ఎక్కుతాను? బల్ల మీద నిలబడి గోడగడియారానికి సెల్లు మార్చాలన్నా నా మోకాళ్లు సంధి విడిపోయి విసంధి అయ్యేవి. అలాంటివాణ్ని, సాయంత్రం బడి వదలగానే కాపీ పుస్తకాలు సంకలో పెట్టుకుని ఆయన చెట్ల కిందికి పోయి కూర్చునేవాణ్ని. తాగడానికి కాదు, ఎర్రసిరా పెన్నుతో దిద్దుకోవడానికి. తాగేవాళ్లు నన్ను చూసి జాలిపడేవాళ్లు.

మొదటిసారి పోయినప్పుడు, ఏదో మాట కలపాలని అడిగాను.

"ఇయ్యాల ఎన్ని చెట్లెక్కినవు మామా?"

"పదకొండు దిగిన," అన్నాడు.

విన్నది పొరపాటేమోననుకుని మళ్లీ అడిగాను. "ఎక్కినవి ఎన్ని?"

"ఎక్కుడు లెక్కగాదు సారూ. ఎక్కుడు కోతికి సుత వస్తది. పదకొండు దిగిన."

ఎవరు ఎప్పుడు అడిగినా అదే లెక్క. దిగినవే చెట్లు. చెట్టు మీదున్నంత సేపు ఆయన నోట మాట వచ్చేది కాదు. కింద నుంచి ఎవరైనా పిలిచినా పలికేవాడు కాదు. రెండు కాళ్లూ నేలకు ఆనాక, చెట్టును అరచేత్తో రెండు దెబ్బలు, అరక విప్పిన ఎద్దును తట్టినట్టు తట్టి, అప్పుడు అడిగేవాడు: "ఏందో అంటివి?" పిలిచినవాడు అప్పటికి మరిచిపోయి ఉండేవాడు.

ఇంకో గుణం ఉండేది. ఇతరుల మోకులను అడగకుండా లాగి చూసేవాడు. తోటి గీత కార్మికుడు చెట్టెక్కబోతుంటే వెనక నుంచి వచ్చి, పట్టి, గుంజి, ముడి దగ్గర గోటితో గీకి, ఒక్కోసారి వాసన కూడా చూసేవాడు. "నా మోకు నీకేమన్న పెండ్లిపిల్లనా మామా, గట్ల సూస్తవు?" అని కసిరేవాళ్లు. ఆయనకు కోపం వచ్చేది కాదు. "ముడి మార్చు. మార్చినంక తిట్టు," అనేవాడు.

ఎందుకలా చూస్తాడో నాకు చాలా కాలానికి తెలిసింది, అదీ ఆయన నోట కాదు. కల్లు దగ్గర కూర్చున్నవాళ్లు, ఆయన చెట్టు మీద ఉన్నప్పుడు, గొంతు తగ్గించి చెప్పారు.

ఆయనకొక తమ్ముడు. ఇద్దరూ పక్కపక్క చెట్లు గీసేవాళ్లు. ఒక ముసురు పొద్దున తడి చెట్టు మీద తమ్ముడి మోకు జారింది. కాళ్లు గుజిలో చిక్కుకున్నాయి. మనిషి తలకిందులుగా వేలాడిపోయాడు. ఈయన తన చెట్టు దిగి, ఆ చెట్టెక్కి, తమ్ముడి కిందికి చేరి, తల తన భుజం మీద పెట్టుకుని, ఒక చేత్తో మోకు, ఒక చేత్తో తమ్ముడు. అంతే. ఇంకో చెయ్యి లేదు. కింద ఊరంతా పోగైంది. తాళ్లు విసిరారు, గడ్డి పరిచారు, ఏడ్చారు. పొడుగు నిచ్చెన తేవడానికి పట్నానికి మనిషి పోయాడు. నిచ్చెన వచ్చేసరికి భుజం మీది తలలో ఊపిరి లేదు. అంతసేపూ ఈయన తమ్ముడితో ఏదో మాట్లాడుతూనే ఉన్నాడట. చెట్టు మీద ఆయన మాట్లాడటం ఊరు చూసింది ఆ ఒక్కసారే. ఏం మాట్లాడాడో కింది వాళ్లకు వినపడలేదు. ఆయన చెప్పలేదు.

మరునాడే తమ్ముడి మోకును ముక్కలుగా కోసి పొయ్యిలో పెట్టాడట. తమ్ముడి కొడుకు చెట్టు ముట్టొద్దని ఇంటిల్లిపాదితో ఒట్టు వేయించాడు. పిల్లవాడు పెరిగి పెద్దయ్యాక దుబాయి పంపించాడు. "నేల మీద కొలువు సారూ. దుకాన్ల సామాన్లు సర్దుడు. పైకి సూసే పనే లేదు," అని నాతో మురిసిపోయాడు. శుక్రవారం శుక్రవారం అతను ఫోన్ చేసేవాడు. మామకు ఫోన్ పట్టడం రాదు, చెవికి దూరంగా పెట్టి అరిచేవాడు. కాబట్టి చెట్లకింద కూర్చున్న అందరికీ ఆ మాటలు కంఠతా వచ్చేవి.

"బిడ్డా! కిందనే ఉన్నవా?"

"కిందనే ఉన్న పెద్దబాపూ."

"పైలం."

అంతే. తిన్నావా, పన్నావా, ఏమీ లేదు. ఆ ఒక్క ప్రశ్న, ఆ ఒక్క జవాబు, జాగ్రత్త అని చివర ఆ ఒక్క మాట.

ఇక ఆ నీలం వస్తువు సంగతి. ఒక ఆదివారం పట్నం నుంచి ఆరేడుగురు పిల్లలు, ఆడా మగా కలిసి, తాళ్ల మూటలతో బోడగుట్ట దగ్గర దిగారు. పొద్దంతా ఆ నున్నటి బండను ఎక్కారు, దిగారు. మళ్లీ ఎక్కారు. మధ్యాహ్నానికి చెమటలు కక్కుతూ కల్లు తాగడానికి వచ్చారు. మామ వాళ్లకు రేకలు పట్టిస్తూ ఉండబట్టలేక అడిగాడు.

"పైన ఏమున్నది బిడ్డా?"

"ఏం లేదు తాతా."

"తేనెపట్టా?"

"లేదు."

"దేవుడా?"

"ఏం లేదు తాతా. ఊరికే. ఎక్కడం కోసమే."

ఆయన నాతో మెల్లగా అన్నాడు: "కల్లు లేని గుట్టను ఊకెనే ఎక్కుతున్నరు సారూ. వీళ్ల అవ్వలకు ఎర్కనో లేదో."

వాళ్లు పోయాక గడ్డిలో ఈ వస్తువు దొరికింది. మరో ఆదివారం వస్తే ఇద్దామని పొదిలో దాచాడు. వాళ్లు రాలేదు. అప్పటి నుంచీ ఊరికొక పొడుపుకథ దొరికింది. చెట్లకిందికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ అది పడేది, ప్రతివాడూ ఒక మాట అనేవాడు. నేను బడికి పట్టుకుపోయాను. సైన్సు సారు కప్పీలో ఒక భాగమన్నాడు. డ్రిల్లు సారు చేతికి బలం రావడానికి పిసికేదన్నాడు, పిసికి చూపించాడు, వేలు నొప్పి చేసింది. నా వంతు వచ్చింది. "రెండు సున్నలు ఒకదాని మీద ఒకటి. నా లెక్కల మార్కులను ఎవరో పోతపోయించారు," అన్నాను. ఎవరూ కాదనలేదు.

చివరికి గీత కార్మికులే తేల్చారు. ఒకాయన సొరకాయ బుర్ర మెడను పెద్ద వలయంలోకి దూర్చాడు. సరిగ్గా పట్టింది. చిన్న వలయం నడుముకు కట్టుకుంటే, కల్లు బుర్ర ఊగకుండా పక్కన వేలాడింది. "అగో! గందుకే చేసిన్రు," అన్నారు అందరూ. బుర్రకు అంత బాగా అతికిన వస్తువు బుర్ర కోసం కాక ఇంకెందుకోసం చేస్తారు? గుట్టలెక్కే పట్నం పిల్లలు సొరకాయ బుర్రలు కట్టుకు తిరుగుతారా అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు. నేను మెచ్చుకున్నాను కూడా. మామ ఒక ఎండాకాలమంతా దాన్ని బుర్రకొక్కెంలా వాడాడు.

ఒక పొద్దున, నేను పళ్లు తోముకుంటుండగా, ఆయన మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ మా ఇంటికి రాని మనిషి. చేతులు చాచి చూపించాడు. తాడు రాపిడికి కాయలు కాసిన అరచేతులు.

"సారూ, బరువు ఏడికి పాయె?"

"ఏ బరువు మామా?"

"లొట్టి బరువు. నిండు కల్లుకుండ. తాడుతోని కిందికి ఇడుస్తుంటే ఎప్పుడు చేతులు కాల్తయి. ఇయ్యాల తాడు గా నీలం వంకల చిక్కింది. చుట్టుకున్నది. లొట్టి గాలిల ఆగింది. జర వదిలితే జర దిగింది. పడితే ఆగింది. రెండు వేళ్ల మీద సారూ! బరువు ఏడికి పాయె?"

నేను తెలుగు పండితుణ్ని. బరువుకు పర్యాయపదాలు చెప్పగలను కానీ, అది ఎక్కడికి పోతుందో నాకేం తెలుసు?  ఆయన జవాబు కోసం ఆగలేదు. నా భుజం పట్టుకుని, ఊరంతా నిద్రలేస్తున్న ఆ వేళ, ఎవరికీ వినపడకుండా చెప్పాడు.

"గా పట్నం పోరి దిగింది సారూ. గుట్ట మీదికెల్లి. నేను చెట్టు మీదున్న, సూసిన. ఒక్క చెయ్యి ఎనుకకు పెట్టి, సాలెపురుగు లెక్క దిగింది. నడుముకు నీలంది ఏదో మెరిసింది. గిదే. గిది ఎక్కనీకి గాదు. దించనీకి."

ఆ మాట అన్నాక ఆయన మా అరుగు మీద కూర్చున్నాడు. కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తన అరచేతులనే చూసుకున్నాడు. నాకు అర్థమైంది. ఆ ముసురు పొద్దున ఆయనకు లేని ఇంకో చెయ్యి ఇది.

అక్కడి నుంచీ ఆయనకు ఇదే పని. చెలకలోని చింతచెట్టుకు చిన్న వలయాన్ని బిగించి కట్టాడు. పెద్ద వలయంలోంచి తాడును మెలికగా తీసి, దాని సన్నటి నడుము మీదుగా చుట్టి, కొమ్మ మీది నుంచి వేశాడు. మొదట ఇటుకలు దించాడు. తర్వాత నీళ్ల బిందె. తర్వాత మక్కల బస్తా. మేకను కూడా ప్రయత్నించాడు. సగం దూరంలో అది పెట్టిన కేకలకు మేక గలామె కర్ర తీసుకుని వచ్చింది. ఇక మిగిలింది మనిషి. భార్యను అడిగితే, "నన్ను దించుడెందుకు, నేను ఎన్నడెక్కిన?" అంది. తోటివాళ్లు నవ్వి తప్పుకున్నారు.

"నీ బరువెంత సారూ?" అని అడిగాడు ఒక సాయంత్రం.

"అరవై రెండు."

"మా తమ్ముడు గంతనే ఉండె."

ఆ మాట తర్వాత కాదనడానికి నాకు ఏ అవ్యయమూ దొరకలేదు. నిచ్చెన వేసి చింతకొమ్మ మీదికి ఎక్కించారు. చంకల కింద, తొడల కింద తాడు కట్టాడు, గోటితో గీకి, వాసన చూసి మరీ. పదిహేను అడుగులు ఉంటుందేమో. నా లెక్కకు ఆకాశంలో సగం. చెట్లకిందివాళ్లంతా రేకలు పట్టుకుని చూడటానికి వచ్చారు. "సార్ దిగితే బడికి సెలవే," అన్నాడొకడు. "దిగకపోతే సుత సెలవే," అన్నాడు ఇంకొకడు.

కొమ్మ వదిలాను. కళ్లు మూసుకున్నాను.  ఆగాను. గాల్లో ఉన్నాను. పడలేదు.

కింద నుంచి ఆయన గొంతు. అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు. మెత్తగా, తొందర లేకుండా, నవ్వుతున్న జనానికి వినపడకుండా.

"కండ్లు తెరువు తమ్మీ. నేలను సూడు. గదే, దగ్గరికి వస్తున్నది. ఇంకొక్క నిలువు. అన్న ఉన్నడు. ఇంకొక్క నిలువు తమ్మీ. అయిపాయె. అన్న ఇడువడు."

నన్ను ఆయన ఎప్పుడూ సారూ అనే పిలిచాడు. ఆ ముందూ, ఆ తర్వాతా. కాళ్లు నేలకు ఆనాక కళ్లు తెరిచాను. ఆయన వచ్చి, చెట్టును తట్టినట్టు నా వీపు మీద రెండు దెబ్బలు తట్టాడు. ముఖం పక్కకు తిప్పుకుని తాడు చుట్టుకోవడంలో పడ్డాడు.  ఆ రోజు చెట్టు మీద ఆయన తమ్ముడితో ఏం మాట్లాడాడో ఊళ్లో నాకొక్కడికి తెలిసిందని, దాన్ని నా దగ్గరే ఉంచుకోవాలని అనిపించింది.

తర్వాత కూడా ఆ సాధన ఆగలేదు. వారానికొకసారైనా చింతచెట్టు దగ్గర తాడు వేసేవాడు. ఎప్పుడు చూసినా రెండు మక్కల బస్తాలను నడుములు కలిపి కట్టి దించేవాడు. "ఒక్కటి చాలదా మామా?" అంటే, "ఒక్కటి ఒంటరిదైతది సారూ," అని నవ్వేసేవాడు. వయసు మీద పడ్డ మనిషి చాదస్తం అనుకున్నాను. నాకు నిర్మల్ వైపు బదిలీ అయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే అదే మాట: "ఇయ్యాల ఆరు దిగిన." తర్వాత నాలుగు. తర్వాత రెండు. ఆ చెట్లలో మళ్లీ ఎవరూ తలకిందులు కాలేదు. ఆ వస్తువు ఏ మనిషినీ దించాల్సిన అవసరం రాలేదు, ఒక్క నన్ను తప్ప. చివరికి ఆయన చెట్టు మీది నుంచి కాదు, జ్వరంతో మంచంలో, నేలకు జానెడు ఎత్తున పోయాడు.

ఇదంతా నాకు ఆ విస్తరి ముందు నిలబడి గుర్తొచ్చింది. 

"అది సీసాకూ కాదు, ఎద్దుకూ కాదు. మనిషిని దించేది," అన్నాను. "మామ నన్ను దించాడు. తాడు ఇందులోంచి ఇట్లా..."

చూపిద్దామని తాడు అందుకున్నాను. అప్పుడు తెలిసింది, నాకు వేలాడటమే తప్ప వెయ్యడం రాదని. పెద్ద వలయంలోంచి తీశాను, చిన్నదాంట్లోకి పోయింది. చిన్నదాంట్లోంచి లాగాను, ముడి పడింది. అల్లుడు నవ్వు ఆపుకుంటున్నాడు. అంతలో పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి, నా చేతిలోది మెల్లగా తీసుకుంది. తమ్ముడి కొడుకు.

అతను దాని వైపు చూడనైనా చూడలేదు. చూపు కాకి మీద ఉంది. వేళ్లు వాటంతట అవే తాడును మెలిపెట్టి, పెద్ద వలయంలోంచి తీసి, దాని నడుము మీదుగా తిప్పి, బిగించాయి. బొత్తాం పెట్టుకున్నంత సేపు కూడా పట్టలేదు.

అందరికంటే ముందు చూసింది వాళ్లమ్మ. ఆడవాళ్లలోంచి లేచి వచ్చింది.

"నీకెట్ల ఎర్కరా?"

అతను తాడు కొసను వేలికి చుట్టుకున్నాడు.

"నిన్నే అడుగుతున్న. దుకాన్ల సామాన్లు సర్దెటోనికి గిది ఎట్ల ఎర్క?"

"దుకానం ఆర్నెల్లకే మూసిన్రు అవ్వా." తల వంచుకునే చెప్పాడు. "అద్దాలు తుడుస్త. పెద్ద బిల్డింగులవి. మీదికెల్లి తాడు ఏసుకుని దిగుకుంట తుడుస్త. ఎనిమిదేండ్లాయె."

ఆ తల్లి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. భర్తను చెట్టు మింగిందని, కొడుకును చెట్టు లేని దేశానికి పంపుకున్న మనిషి.

"వారం వారం అడిగె గదరా మీ పెద్దబాపు. కిందనే ఉన్నవా అని. కిందనే ఉన్న అంటివి. సచ్చేదాక అబద్ధం చెప్పినవా?"

"అబద్ధం చెప్పలే అవ్వా." అతను తల ఎత్తాడు. "కిందనే ఉంటుంటి. దిగినంకనే ఫోన్ చేస్తుంటి. ఎన్నడు సుత దిగకుంట చెయ్యలే."

 ఆమె కొడుకు చేతిలోని దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పింది. వేలు పెద్ద వలయంలో పెట్టి చూసింది.

"గిదుంటే పడవా?"

"పడ."

"ఒట్టు?"

"ఒట్టు అవ్వా. రోజు గిదే నన్ను దించుడు."

ఆమె తిరిగి అతని చేతిలో పెట్టింది. అతను అప్పుడు మొదటిసారి దాన్ని సరిగా చూశాడు. వేసిన తాడు తీసేశాడు. ఎండకు ఎత్తి పట్టుకుని, బొటనవేలితో రాశాడు.

"సార్, గీ రంగు పోయిన కాడ సూడుండ్రి. తాడు రాకి పోయింది. ఒక్క గీత గాదు, పక్కపక్కన రెండున్నయి. పెద్దబాపు రెండు చుట్లేసిండు."

"ఎక్కువ జాగ్రత్త మనిషి కదా," అన్నాను.

"జాగ్రత్తకు గాదు సార్. నేను ఒక్కణ్నే దిగుత, ఒక్క చుట్టు సాలు. మాకు నేర్పిన్రు. రెండు చుట్లు ఎప్పుడేస్తమంటే..." ఆగాడు. దాన్ని గుప్పిట్లో మూశాడు. "పైన చిక్కినోన్ని నడుముకు కట్టుకుని, ఇద్దరు కలిసి దిగేటప్పుడు."

రెండు మక్కల బస్తాలు, నడుములు కలిపి కట్టినవి, నా కళ్ల ముందు మెల్లగా దిగుతూ వచ్చాయి. అన్నేళ్లూ నేను చూస్తూ కూర్చున్నాను, చేతిలో ఎర్రసిరా పెన్ను పట్టుకుని.

"ఆ రోజు మీ నాయినతో ఏం చెప్పాడో నాకు తెలుసు," అన్నాను. ఆ మాటలు చెప్పాను. నేలను చూడు తమ్మీ. ఇంకొక్క నిలువు. అన్న ఇడువడు. అతను వింటూ, వెనక్కి తిరిగి చింతచెట్టు వైపు నడిచాడు. మేమందరం, ఏమనుకున్నామో ఏమో, అతని వెనకే నడిచాం. చింతకొమ్మ మీద తాళ్లు రాసిన గుర్తు ఇంకా ఉంది. అతను దాని కింద నిలబడి, దాన్నే చూస్తూ ఉండిపోయాడు. తల్లి వచ్చి అతని వీపు మీద చెయ్యి వేసింది.

"ముట్టింది!" అని వెనక నుంచి కేక. ముసలామె, మామ భార్య. ఆమె ఒక్కతే విస్తరి దగ్గర మిగిలింది.

తిరిగి చూస్తే కాకి ఒకటి కాదు. ఒకటి విస్తరిలో ఉంది, ఇంకొకటి రేక అంచున. జనం జరిగారు కాబట్టి వచ్చాయి, నాకు తెలుసు. నేను చదువుకున్నవాణ్ని. అయినా లెక్కపెట్టాను. రెండే.